ఏడో కిలోమీటరు దగ్గర చల్లగాలి

ఫిబ్రవరి 1, శనివారం

ప్యాంటు నడుము వదులు చేయమని దర్జీకిచ్చి వారమైంది. ఈరోజు వెళ్తే ఇచ్చినది ఇచ్చినట్టే మడతపెట్టి చేతిలో పెట్టాడు. "విప్పడానికి లోపల గుడ్డ లేదు సార్. పోయినసారే అంతా వాడేశాం" అన్నాడు. కొత్తది కుట్టించుకోమంటాడేమో అనుకున్నాను. అనలేదు. నా పొట్టవైపు ఒకసారి చూసి, టేపు మెళ్ళో వేసుకుని మళ్ళీ మిషన్ తొక్కుకోసాగాడు.

నడిపేది మందుల షాపు. కొవ్వు గురించి పేటలో అందరికీ చెప్పేది నేనే. నాకు చెప్పడానికి ఒక దర్జీ కావలసి వచ్చాడు.

ఫిబ్రవరి 2, ఆదివారం

వదినవాళ్ళింట్లో భోజనం. వదినంటే మా ఆవిడకి అక్క. వాళ్ళ ముందుగదిలో గోడకి మేకు కొట్టి మరీ మా తోడల్లుడి మెడల్ వేలాడదీశారు. పోయిన ఏడు పది కిలోమీటర్ల పరుగులో వచ్చింది. నా కుర్చీ సరిగ్గా దాని కిందే. ఫ్యాను గాలికి అది గోడకి కొట్టుకుని టింగుమంటుంది. భోజనం అయ్యేదాకా అలా టింగుమంటూనే ఉంది.

"ఇంకొంచెం వడ్డించనా మరిదిగారూ? మీ అన్నయ్య అయితే పరుగు మొదలెట్టాక అన్నీ కొలిచి తింటున్నారు" అంది వదిన.

"ఈ ఏడు నేనూ పరిగెడతాను" అన్నాను. నోరు నాదే. అన్నది ఎవరో తెలియదు.

అందరూ నవ్వారు. వదిన కాస్త ఎక్కువ నవ్వింది. "మా మరిదిగారి మాటలు కోటలు దాటుతాయి" అని సగం సామెతతో ఆపేసింది. కాలు గడప దాటదన్న మిగతా సగం చిన్నపిల్లలకి కూడా తెలుసు.

అప్పుడు మా ఆవిడ మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టి, "ఆయన అన్నారంటే చేస్తారు" అంది.

పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. నా గురించి ఆవిడ ఈ మాట అనడం ఇదే మొదలు. ఇంతకుముందు అనే అవకాశం నేనివ్వలేదు. గిటారు, చేపల తొట్టె, చదరంగం, బాల్కనీలో టమాటాలు. అన్నీ ఆవిడ కళ్ళముందే మొదలై, ఆవిడ చేతులమీదుగానే అటకెక్కాయి. అయినా అంది. అక్క ముందు అంది. నా పరువంటారా, అది పోతూ వస్తూ ఉండేదే. ఈసారి పోతే ఆవిడ మాట పోతుంది.

పరుగు మార్చి 16న. ఆరు వారాలుంది. బోలెడు టైము.

ఫిబ్రవరి 3, సోమవారం

ఉదయం 5:10. లేచాను! అలారం కంటే ముందే!

నిన్న సాయంత్రమే బూట్లు కొన్నాను. షాపువాడు నన్ను అటూ ఇటూ నడిపించి, "మీ పాదం లోపలికి వాలుతోంది సార్" అన్నాడు. నలభై ఏడేళ్ళుగా ఎటు వాలుతున్నానో తెలియకుండానే తిరిగానన్నమాట.

మైదానం చుట్టూ ఒక రౌండు. ఆరువందల మీటర్లు. ఎక్కడా ఆగలేదు. చివర్లో కళ్ళు కాస్త బైర్లు కమ్మాయి, అది మంచిదేనట. ఇంటికొచ్చి చెప్తే మా ఆవిడ "నిజంగానా?" అంది. ఆ అడగడంలో అనుమానం కంటే సంతోషమే ఎక్కువగా ఉంది.

ఫిబ్రవరి 4, మంగళవారం

మంచం దిగలేకపోయాను. ఈ తొడలు నావి కావు. బాత్రూంలో కూర్చోవడం ఒక ఎత్తు, లేవడం ఇంకో ఎత్తు. అడుసు తొక్కనేల అని ఊరికే అనలేదు పెద్దలు.

షాపులో అసలు చిక్కు కింది అరతో. దగ్గు సిరప్పులు, విరేచనాల మందులు అన్నీ అక్కడే. వంగితే మళ్ళీ లేవగలనన్న నమ్మకం లేదు. అడిగినవాళ్ళందరికీ "స్టాకు లేదండీ, రేపు రండి" అని చెప్పి పంపాను. దగ్గువాళ్ళ సంగతి సరే, విరేచనాలాయన్ని రేపు రమ్మనడం అన్యాయమే.

మధ్యాహ్నం ఒక పెద్దావిడ మోకాళ్ళ నొప్పులకి రాసుకునే ఆయింట్‌మెంటు అడిగింది. ఉన్న ఒక్క ట్యూబూ పొద్దున నేనే పూసేసుకున్నాను. "అయిపోయిందమ్మా" అన్నాను. ఆవిడ ఒకసారి గాలి పీల్చి, "మీ దగ్గర్నించే వస్తోంది కదా బాబూ వాసన" అంది.

ఫిబ్రవరి 9, ఆదివారం

నొప్పులకి కారణం దొరికింది. పరిగెత్తే పద్ధతి తప్పు! రాత్రి వీడియోలన్నీ చూసి రాసుకున్నవి:

భుజాలు దించాలి.
పిడికిట్లో గుడ్డు ఉన్నట్టు పట్టుకోవాలి.
మడమ కాదు, పాదం మధ్యభాగం ఆనాలి.
నడినెత్తికి దారం కట్టి ఎవరో పైకి లాగుతున్నట్టు ఊహించుకోవాలి.

ఇన్ని గుర్తుపెట్టుకునేసరికి ఊపిరి తీసుకోవడం మర్చిపోయాను. మైదానం వాచ్‌మన్ పరుగెత్తుకుంటూ వచ్చి, "నడుం పట్టేసిందా సార్? నా భుజం పట్టుకోండి" అన్నాడు. ఆయన పరుగు చూడముచ్చటగా ఉంది.

ఇంకో సంగతి. దూరం వారానికి పదోవంతు కంటే ఎక్కువ పెంచకూడదట. లెక్క వేశాను. ఇలా పెంచుకుంటూ పోతే పరుగు రోజుకి ఒక కిలోమీటరు చేరతాను. మిగతా తొమ్మిదీ దేవుడే చూసుకోవాలి.

ఫిబ్రవరి 15, శనివారం

ఫోన్లో పరుగు కొలిచే యాప్ పెట్టుకున్నాను. ఎంత పరిగెత్తితే అంత, దానంతటదే ఫ్యామిలీ గ్రూపులో వేసేస్తుంది. రెండు రౌండ్లు పరిగెత్తాను. రెండోదానిలో కొంత నడక ఉంది.

యాప్ ఆపడం మర్చిపోయి, అదే ఫోను జేబులో వేసుకుని స్కూటరు మీద హోల్‌సేల్ డీలరు దగ్గరికెళ్ళి మందులు తెచ్చుకున్నాను. షాపు తెరిచి గ్రూపు చూద్దును కదా: "పద్దెనిమిది కిలోమీటర్లు. అద్భుతం!" కింద బంధువులందరి చప్పట్లు. తోడల్లుడు మాత్రం, "శభాష్ తమ్ముడూ. ఎలా చేశావని నేనడగను" అని పెట్టాడు. పెద్దమనసు.

వెంటనే తీసేద్దామనుకున్నాను. అప్పటికే మా ఆవిడ రాసేసింది: "నేను చెప్పాను కదా అక్కా." నాది తీసేస్తే ఆవిడ మాట ఒంటరిగా నిలబడుతుంది. అలాగే ఉంచేశాను.

ఫిబ్రవరి 20, గురువారం

తోడల్లుడికి ఫోన్ చేశాను, రోజూ కలిసి పరిగెడదామని. ఆయనకి పొద్దుటిగాలి పడదట. సాయంత్రం? సాయంత్రం దుమ్మట. అనుభవం ఉన్నవాడు కదా, ఒక్కటి చెప్పమన్నాను. "ఏడో కిలోమీటరు దగ్గర ఎలా ఉంటుంది అన్నయ్యా?"

కాసేపు ఆలోచించాడు. "అక్కడికొచ్చేసరికి హాయిగా ఉంటుంది తమ్ముడూ. చల్లగాలి తగులుతుంది" అన్నాడు.

ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. అయితే కష్టమంతా మొదటి ఆరే.

ఫిబ్రవరి 24

వాన. బూట్లు తడిస్తే పాడవుతాయి.

ఫిబ్రవరి 25

వాన లేదు. నేల తడిగా ఉంది. జారితే ఎవరిది బాధ్యత?

ఫిబ్రవరి 26

నేల ఆరింది. అలారం మోగలేదు. మోగిందని మా ఆవిడ అంటోంది.

మార్చి 1, శనివారం

పరిగెత్తి పాలు తాగడం కంటే నిలబడి నీళ్ళు తాగడం మేలు. ఎంత లోతుగా ఆలోచించి ఉంటారు ఆ రోజుల్లో!

నేను మాత్రం కూర్చుని టీ తాగుతున్నాను. మైదానం పక్కనే టీకొట్టు ఉంది. బల్ల మీద కూర్చుంటే పరిగెత్తేవాళ్ళందరూ కనిపిస్తారు. ఎవరి భుజాలు పైకి లేస్తున్నాయో, ఎవరి మడమ ముందు పడుతోందో ఇక్కణ్ణించి బాగా తెలుస్తోంది. టీకొట్టాయన కూడా నేర్చుకుంటున్నాడు.

వెళ్ళేటప్పుడు కొళాయి దగ్గర నుదురూ మెడా తడుపుకున్నాను. గుమ్మంలోనే మా ఆవిడ తువ్వాలు పట్టుకుని నిలబడి ఉంది. "మరీ అంత కష్టపడకండి" అంది. సిగ్గేసింది. తువ్వాలులో మొహం దాచుకుని చాలాసేపు తుడుచుకున్నాను.

మార్చి 8, శనివారం

వారమంతా ఆ తువ్వాలే గుర్తొచ్చింది. ఈరోజు టీకొట్టు వైపు చూడకుండా పరిగెత్తాను. మూడు కిలోమీటర్లు! యాప్ సాక్షి, వాచ్‌మన్ సాక్షి. ఇంటికొచ్చి మెట్లు పాకుతూ ఎక్కాను. ఇది అసలైన చెమట, తువ్వాలు తడిసి ముద్దయింది.

మార్చి 12, బుధవారం

పరుగుకి ముందు విశ్రాంతి చాలా అవసరమని అన్ని వీడియోల్లోనూ చెప్పారు. తీసుకుంటున్నాను. ఈ ఒక్క విషయంలో నన్ను వేలెత్తి చూపించేవాడు లేడు.

మార్చి 16, ఆదివారం

ఉన్నదున్నట్టు రాస్తాను.

ఛాతీ మీద నంబరు. చుట్టూ జనం. మా ఆవిడా వదినా ముగింపు దగ్గర కాచుకుని ఉన్నారు. తోడల్లుడు నా చెయ్యి గట్టిగా నొక్కి, "పైన కలుద్దాం" అన్నాడు. పైన అంటే ఎక్కడో అప్పుడు అర్థం కాలేదు.

మొదటి కిలోమీటరు గాల్లో తేలినట్టు వెళ్ళిపోయింది. రెండోది నేల మీద. మూడోది దాటుతుంటే రోడ్డు పక్కన అరుగు మీద తోడల్లుడు కూర్చుని లేసు కట్టుకుంటున్నాడు. ఆగబోతే, "నువ్వు పద తమ్ముడూ, నేనొస్తున్నా" అన్నాడు. తోడల్లుణ్ణి దాటేశాను! వదినా, చూశావా? ఆ ఊపులోనే పిక్క పట్టేసింది.

నా వెనక ఎవరూ లేరు, వ్యాను తప్ప. పరిగెత్తలేక ఆగిపోయినవాళ్ళని ఎక్కించుకోవడానికి చివర్లో వచ్చే వ్యాను అది. నా పక్కకొచ్చి, నాతో సమానంగా కదులుతోంది.

"ఎక్కుతారా సార్?" అన్నాడు డ్రైవరు.

"ఎక్కను."

ఒక స్తంభం దాటాం.

"ఇప్పుడు?"

నాలుగో కిలోమీటరు బోర్డుని చేత్తో తాకి, అప్పుడెక్కాను. లోపల, కిటికీ పక్కన తోడల్లుడు. పక్క సీటు మీద చేతిరుమాలు వేసి ఉంది.

"రా తమ్ముడూ. నీ కోసమే ఆపాను."

చేతిరుమాలు తీసి కూర్చున్నాను. "పోయినేడు కూడా ఇలాగేనా అన్నయ్యా?"

"పోయినేడు వ్యాను ఇంకొంచెం చిన్నది" అన్నాడు.

వ్యాను వేగం పెంచింది. కిటికీలోంచి చల్లగాలి తగిలింది. ఏడో కిలోమీటరు బోర్డు అలా వెనక్కి వెళ్ళిపోయింది. తోడల్లుడు కిటికీ ఇంకాస్త తెరిచాడు. ఆయన అబద్ధమేమీ చెప్పలేదు.

వ్యాను మమ్మల్ని ముగింపు ద్వారం వెనక దింపింది. అక్కడ ఒకమ్మాయి పెట్టెనిండా మెడల్స్ పెట్టుకుని, ఛాతీ మీద నంబరు కనిపించిన ప్రతి మెడలోనూ ఒకటి వేస్తోంది. మా మెడల్లోనూ వేసి, "చాలా బాగా పరిగెత్తారు" అంది. తోడల్లుడు సీసాలో నీళ్ళు తలమీద పోసుకుని, మిగిలినవి నా తలమీద పోశాడు. ఈ విద్య నాకూ వచ్చు.

మా ఆవిడ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. మెడల్ చూసింది. ఆ మొహం నేను ఇంతకుముందు చూడలేదు. ఆవిడ గెలిచినట్టు ఉంది. దూరంగా వస్తున్న అక్కవైపు చెయ్యి ఊపి, ఫోను తీసి, "కొంచెం నవ్వండి" అంది.

ప్రయత్నించాను. రాలేదు.

"నేను వ్యాన్లో వచ్చాను" అన్నాను. అన్నయ్య ఊసెత్తలేదు. ఆయనా, ఆయన మేకూ చూసుకుంటారు.

ఫోను దించింది. "ఎంత పరిగెత్తారు?"

"నాలుగు."

"ఆ పద్దెనిమిది లాంటి నాలుగా?"

తెలుసన్నమాట. "ఆరోజు స్కూటరు తాళాలు అందించింది నేనే కదా" అంది.

"కాదు. ఇవి నా కాళ్ళతో పరిగెత్తినవి. నాలుగూ నిజం."

కాసేపు నా కాళ్ళవైపు చూసింది. తర్వాత నా మెళ్ళోంచి మెడల్ తీసి, తడి తుడిచి, తన బ్యాగులో పెట్టుకుని జిప్పు లాగింది. "మిగతా ఆరూ అయ్యాక ఇస్తాను" అంది.

ఇంతలో వదిన వచ్చింది. వాళ్ళాయన మెడలో మెడల్ చూసుకుంది. ఖాళీగా ఉన్న నా మెడ చూసింది. "ఏమే, మా మరిదిగారు పూర్తి చెయ్యలేదా?"

"చేస్తున్నారు" అంది మా ఆవిడ.

మార్చి 17, సోమవారం

తొడలు మళ్ళీ నావి కావు. అయినా కింది అరలోంచి దగ్గు సిరప్పు తీశాను. వంగాను, మూలిగాను, లేచాను. కొనుక్కోవడానికొచ్చినాయన నాకు చెయ్యందించబోయాడు, వద్దన్నాను.

సాయంత్రం తోడల్లుడి ఫోను, గుసగుసగా. మేకు మీద ఇప్పుడు రెండు మెడల్సున్నాయట. ఫ్యాను వేస్తే రెండూ ఒకదానికొకటి కొట్టుకుని ఇల్లంతా ఒకటే మోతట. "రేపు పొద్దున ఎన్నింటికెళ్తున్నావు తమ్ముడూ? నేనూ వస్తా. మీ వదినకి చెప్పకు."

పొద్దుటిగాలి పడదు కదా అన్నాను. ఫోను పెట్టేశాడు. వస్తాడు.

అలారం ఇప్పుడు మా ఆవిడ ఫోనులో ఉంది. ఆ ఫోను వంటింట్లో ఉంది. ఆపాలంటే లేచి అక్కడిదాకా నడవాలి. రేపటి తువ్వాలు మడతపెట్టి కుర్చీ మీద వేస్తూ, "ఈసారి కొళాయి దగ్గర తడుపుకోకండి. జలుబు చేస్తుంది" అంది.

అదీ తెలుసు. స్కూటరు తెలుసు, కొళాయి తెలుసు, గిటారు ఎలాగూ తెలుసు. అన్నీ తెలిసినావిడే ఆ రోజు అక్క ముందు గ్లాసు కింద పెట్టి, నేనంటే చేస్తానంది.

రేపు ఉదయం 5:00. భుజాలు దించాలి. గుడ్డు, దారం అక్కర్లేదు. ఒక రౌండు, ఆరువందల మీటర్లు, తోడల్లుడితో కలిసి. టీ తర్వాత.

తర్వాత అంటే పరిగెత్తాక.