వెనుక వైపు లేని చీర

నాయినకు,

నీ బిడ్డ లావణ్య దండం పెట్టి రాస్తున్నది. ఇక్కడ సూరత్ బమ్రోలిలో నేను, మామ, అత్త ఆరోగ్యంగా ఉన్నాం. అమ్మ భుజం నొప్పి తగ్గిందా? ఆసు మీద మేకుల చుట్టూ దారం పోయడం కొన్నాళ్లు ఆపమని డాక్టరు చెప్పాడు కదా, ఆపిందా, లేక నీ ముందు ఆపి నువ్వు బయటికి పోగానే పోస్తున్నదా? నాయనమ్మ వేళకు మందులు వేసుకుంటున్నదా? నా గురించి దిగులు పడకండి. ఒక్కరోజు తప్ప కాలేజీ మానలేదు. అత్త పప్పులో ఇక్కడివాళ్లలా బెల్లం వేయకుండా కాపలా కాస్తున్నాను, అంతకు మించిన కష్టమేమీ లేదు.

ఇప్పుడు రాయబోయే సంగతి ఫోన్లో చెప్పలేను. చెప్పబోతే కోపంతో గొంతు వణుకుతుంది, నువ్వేమో ఏడుస్తున్నాననుకుంటావు. ముందు నా తప్పు ఒప్పుకుంటాను. పోయిన గురువారం నేను హైదరాబాద్ వచ్చాను. పొద్దున విమానంలో దిగి, సాయంత్రం విమానంలో సూరత్ తిరిగి వచ్చాను. మీకు చెప్పలేదు.

మధ్యాహ్నం పూట నేను పనిచేసే చీరల ఆఫీసు సంగతి నీకు తెలుసు. మనవైపు దుకాణాలకు పంపే చీరల ఫొటోల కింద తెలుగులో పేరు, రంగు, రకం రాయడం నా పని. రెండు వారాల కిందట సేఠ్ నన్ను పిలిచి, ‘‘నేత చీరలు కూడా అమ్ముతున్నాం బేటా. మీ నాన్న నేతగాడు కదా, ఒక్కో చీరకు కట్టే చీటీ మీద నాలుగు మంచి మాటలు రాయి’’ అన్నాడు. ఆ రాత్రి నీకు ఫోన్ చేసి చిటికి పని గురించి అడిగింది అందుకే. గుర్తుందా? అన్నం చల్లారిపోతున్నదని అమ్మ అరుస్తున్నా నువ్వు పడుగు, పేక, దారానికి ముడులేసి చిటికి కట్టడం, రంగులో ముంచడం అన్నీ ఒక్కొక్కటిగా చెప్పావు. చిన్నప్పటి నుంచి ఇంట్లో వింటున్న మాటలే. వాటిని నోటుబుక్కులో రాసుకుని చూస్తే ఎంత అందంగా ఉన్నాయో అప్పుడు తెలిసింది. మూడు రోజులు కొట్టేసి, మళ్లీ రాసి, చివరికి ఇలా ఇచ్చాను:

‘‘ముందు దారానికి రంగు, ఆ తర్వాత నేత. అందుకే రెండు వైపులా ఒకే పువ్వు, ఈ చీరకు వెనుక వైపు అనేది లేదు. ఆసు మీద ఒక తల్లి చేయి ఎన్ని వేలసార్లు తిరిగిందో ఈ పువ్వులకు మాత్రమే తెలుసు.’’

సేఠ్ దాన్ని హిందీలో చెప్పించుకుని విని మెచ్చుకున్నాడు. హైదరాబాద్‌లో ఒక ఫంక్షన్ హాల్లో ఒక్కరోజు అమ్మకం పెడుతున్నామని, తెలుగులో మాట్లాడేందుకు నన్నూ తీసుకుపోతానని అన్నాడు. నేను విమానం ఎక్కడం అదే మొదటిసారి. కిటికీలోంచి తాపీ నది దారపు పోగులా కనిపించింది. రైల్లో ఇంచుమించు ఒక రోజు పట్టే దూరం సినిమా చూసినంత సేపట్లో అయిపోయింది. తిరిగి వచ్చాక ఈ ముచ్చటంతా చెప్పి మిమ్మల్ని ఆశ్చర్యపరచాలనుకున్నాను. విమానాశ్రయం నుంచి పోతుంటే మన ఊరి మీదుగా పోయే బస్సు మా కారు పక్కన సిగ్నల్ దగ్గర ఆగింది. బోర్డు చదివి తల తిప్పేసుకున్నాను.

హాల్లో పెట్టెలు విప్పగానే నాకు అర్థమైంది నాయినా. చిటికి పూలే, మన ఎరుపే, మన అంచే. కానీ అవి మా ఇంటి దగ్గరి పాండేసరా మిల్లులో అచ్చు వేసిన చీరలు. ఆ రంగుల వాసన నాకు తెలియదా, మా సందు నిండా అదే కదా. ఒక్కో చీరకు బంగారు రంగు దారంతో నా చీటీ కట్టి ఉంది.

‘‘సేఠ్‌జీ, ఇవి ప్రింటు చీరలు’’ అన్నాను.

‘‘డిజైన్ అదే కదా బేటా’’ అన్నాడు తాపీగా. ‘‘మీ నాన్న చీర కొనలేనివాళ్లు ఇది కట్టుకుని సంతోషపడతారు. తప్పేముంది?’’

కట్టుకోవడంలో తప్పు లేదు. మామ మరమగ్గం మీద నేసేదీ బట్టే, దానికీ ఒక పేరుంది, ఆ పేరుతో రాయమంటే దాని గురించి కూడా బాగానే రాసేదాన్ని. ఇదంతా అప్పుడు అనలేకపోయాను. విమానం ఎక్కించి తెచ్చాడన్న మొహమాటం నోరు నొక్కేసింది. నిజం చెబుతున్నాను, మధ్యాహ్నం దాకా వచ్చినవాళ్లందరికీ ఆ చీటీ నా నోటితోనే చదివి వినిపించాను. చీరలు అమ్ముడుపోయాయి కూడా. ఈ ఉత్తరంలో ఎక్కువ కోపం ఆ పూట చేసిన పనికి నా మీదే.

భోజనాల వేళ కోడలిని వెంటబెట్టుకుని ఒక పెద్దామె వచ్చింది. కళ్లద్దాలు సవరించుకుని చీటీ గట్టిగా చదివింది. చదివాక ఏం చేసిందనుకున్నావు? మన నాయనమ్మ చేసినట్టే చీర కొంగు పట్టుకుని తిరగేసింది. అవతలి వైపు పువ్వులు వెలవెలబోయి ఉన్నాయి.

‘‘వెనుక వైపు లేదని రాసిన్రు. మరి గిదేంది బిడ్డా?’’ అంది.

ఆమె చీటీని మళ్లీ ఒకసారి చూసింది.

‘‘కాయితం మంచిగున్నది’’ అని కోడలితో అంది. ‘‘చీరెనే అబద్ధమాడుతున్నది.’’ మళ్లీ నావైపు తిరిగి, ‘‘గీ మాటలెవరు రాసిన్రు? నేసేటోళ్ల ఇంటి మాటలు గివి’’ అంది.

‘‘నేనే అమ్మా. చీర మాత్రం సూరత్ మిల్లుల అచ్చేసింది. చేనేత కాదు’’ అన్నాను.

ఆమె చీరను జాగ్రత్తగా మడిచి, పోయేటప్పుడు నా చెయ్యి ఒకసారి నొక్కింది. ఇక నేను ఆగలేదు. ఒక్కో చీర నుంచి చీటీ విప్పసాగాను. సేఠ్ వచ్చి మిగిలినవి లాక్కున్నాడు. ‘‘దీనికోసమేనా నిన్ను విమానంలో తెచ్చింది’’ అని అందరి ముందూ అరిచాడు.

తిరుగు ప్రయాణంలో మా సీట్లు పక్కపక్కనే. విమానం లేచాక ఆయన ఇంటి నుంచి తెచ్చుకున్న థేప్లా రొట్టెలు విప్పి, రెండు నా చేతిలో పెట్టి, ‘‘పొద్దుటి నుంచి తినలేదు, తిను’’ అన్నాడు. తిన్నాను. తిన్నాక, ‘‘రేపటి నుంచి పనికి రావద్దు’’ అన్నాడు.

ఇంటికి వచ్చి చెబితే అత్త, ‘‘జర నోరు మూసుకుంటే ఏం పోయేది? గిట్ల చేస్తే ఎవలిస్తరు పని? మీ నాయినకు చెప్పి నిన్ను ఊరికి పంపుత’’ అంది. మామ మాత్రం, ‘‘విమానం ఎక్కినోళ్లు దిగాలె గద, ఊకో’’ అని నవ్వాడు.

అత్త ఫోన్ చేసే ఉంటుంది. నాయినా, నన్ను చదువు మానిపించి వెనక్కి పిలవవద్దు. మా సందులో మనవాళ్ల పిల్లలు తెలుగు గలగలా మాట్లాడతారు కానీ ఒక్క అక్షరం చదవలేరు. సాయంత్రాలు వాళ్లకు చదువు చెబుతానని ముగ్గురు తల్లులతో మాట్లాడాను. సోమవారం నుంచి రమ్మన్నారు. నా ఖర్చు నేను చూసుకోగలను, నమ్ము. అమ్మకు హైదరాబాద్ దాకా వచ్చి ఇంటికి రాలేదన్న మాట నువ్వే మెల్లగా చెప్పు. ఆమె కోపం నేను వచ్చినప్పుడు పడతాను. నా పాత తెలుగు వాచకం అటకమీద ఉంది, పిల్లలకు కావాలి, మామ తమ్ముడు అక్కడి నుంచి ఇటు వచ్చేటప్పుడు అతనితో పంపు. నాయనమ్మకు నా దండాలు. ఆమె నేర్పిన తిరగేసి చూడటం వల్లనే ఇదంతా జరిగిందని కూడా చెప్పు.

విప్పిన చీటీల్లో ఒకటి ఈ ఉత్తరంలో పెడుతున్నాను. మొదట చింపేద్దామనుకున్నాను. కానీ మాటలు చేసిన తప్పేముంది, వాటిని కట్టిన చోటే తప్పు. ఇప్పుడు మగ్గం మీదున్న చీర దిగగానే దానికి ఇది కట్టు నాయినా. ఎవరైనా తిరగేసి చూస్తామంటే చూడనివ్వు.

నీ దీవెన కోరుతూ,
నీ బిడ్డ
లావణ్య