మెతోది బాబాయి ప్రాసెసర్

మార్చి 4, మంగళవారం

ఈస్టర్ ముందరి ఉపవాసాలు మొదలయ్యాయి. బీన్స్ పులుసు చేశాను. తమ్ముడు యావోర్ వచ్చాడు, చేతిలో చిన్న పెట్టె. నా కంప్యూటర్‌కి కొత్త ప్రాసెసర్ అట. అక్కా, ఇది కంప్యూటరా ఎద్దుబండా, ఇవాళ నొక్కితే రేపు కదులుతుంది అన్నాడు. పదహారేళ్ల క్రితం దీన్ని తెచ్చిపెట్టింది వాడే. అప్పుడు రాకెట్ అన్నాడు.

దీని మీద నేను వేసేవి చావు కాగితాలు. ఊళ్లో ఎవరు పోయినా ఫొటో, పేరు, నాలుగు మాటలు. సాయంత్రానికి గుమ్మాల మీద, బస్టాపు గోడ మీద అంటిస్తాను. ఫొటో తెరుచుకునేలోపు ఒక కీర్తన చదువుకుంటాను. నాకు తొందర లేదు. పోయినవాళ్లకి అసలే లేదు.

వద్దన్నాను. వింటాడా?

మార్చి 6, గురువారం

విప్పాడు. దుమ్ము చూసి నన్ను తిట్టాడు. పాత ప్రాసెసర్ ఊడదీసి, డ్రిల్లుతో మూలన కన్నం పెట్టి, కారు తాళాల గుత్తికి తగిలించుకున్నాడు. చూడక్కా ఎంత షోగా ఉందో అన్నాడు. కొత్తది ఇంకా పెట్టనే లేదు. బిడ్డ పుట్టకముందే కుల్ల కుట్టే రకం.

సాయంత్రం

పెట్టాడు. తెర నల్లగా ఉంది. ఆగక్కా, అది ఆలోచిస్తోంది అన్నాడు. ఎవరో ఒకరు ఆలోచించాలి కదా.

మార్చి 7, శుక్రవారం

రాత్రి పక్క సందు మెతోది బాబాయి పోయాడు. రేపే సమాధి. పోయిన చలికాలం ఫొటో, మాటలు తనే తెచ్చి నా కంప్యూటర్‌లో పెట్టించాడు. నువ్వే వేయాలి దోన్కా, ఆ పావురాల వాళ్లకి మాత్రం అప్పగించకు అన్నాడు. మాటిచ్చాను. పావురాల వాళ్లంటే బస్టాండు దగ్గర చావు కాగితాలు వేసే దుకాణం. కాగితం మీద దొంగకీ దొరకీ ఒకటే పావురం బొమ్మ.

ఫొటో, మాటలు ఆ నల్ల తెర వెనకే ఉన్నాయి.

మధ్యాహ్నం

యావోర్ ఇప్పుడు ఫోన్‌లో చదివాడు. బోర్డు లోపలి ప్రోగ్రాం పాతది, కొత్త ప్రాసెసర్‌ని గుర్తుపట్టదు. పాతది ఉండగానే దాన్ని అప్‌డేట్ చేయాలట. ముందే చదవలేకపోయావా అన్నాను. అవన్నీ ఎవడు చదువుతాడక్కా అన్నాడు. పాతది గుత్తికి వేలాడుతోంది, కన్నంతో. ఈసారికి పావురాల వాళ్లకే ఇచ్చేద్దాం, బాబాయేమైనా లేచొచ్చి చూస్తాడా అన్నాడు.

ప్రభూ, నా నోరు కట్టెయ్ అని వేడుకున్నాను. కట్టలేదు.

అప్పుడు గుర్తొచ్చింది. నాది తెచ్చిన ఏడు వాడు ఒకే బండిలో రెండు కంప్యూటర్లు తెచ్చాడు. రెండూ ఒకటే రకం. ఒకటి నాకు, ఒకటి బాబాయికి. బాబాయిది కరెంటు డబ్బా కాలిపోయి నేలమాళిగలో ఊరగాయ జాడీల మధ్య మూలుగుతోంది. రేపు బాగుచేస్తా అని యావోర్ ఇప్పటికీ అంటున్నాడు.

శవం ముందు గదిలో ఉంది. దాని ప్రాసెసర్ కావాలని ఎలా అడగను? అడిగాను. రాద్కా పిన్ని ఏడుపు ఆపి, తీసుకోవే, యాభై ఏళ్లు నా బుర్ర తిన్నాడు, ఆయన బుర్ర ఇప్పుడు నువ్వు పట్టుకుపో అంది. యావోర్ని చూసి, బాగుచేయడం ఎలాగూ రాలేదు, విప్పడమైనా వచ్చురా అంది. వాడి చెవులు ఎర్రబడ్డాయి.

కొవ్వొత్తి వెలిగించి బాబాయిని కూడా అడిగాను.

సాయంత్రం

తెర వెలిగింది. బాబాయి కాగితం బాబాయే వేసుకున్నాడు. ఫొటోకి కీర్తన మొత్తం పట్టింది. చీకటి పడేలోపు అన్నీ అంటించాం. జిగురు డబ్బా యావోర్ చేత మోయించాను.

మార్చి 9, ఆదివారం

యావోర్ మళ్లీ వచ్చాడు. బాబాయిది లోపలే ఉంది కదక్కా, అప్‌డేట్ చేసి కొత్తది పెట్టేస్తా, రెండే నిమిషాలు అన్నాడు. దానికీ కన్నం పెట్టుకో, గుత్తికి జోడీ అవుతుంది అన్నాను. పులుసు పోశాను. తలెత్తకుండా తిన్నాడు.

ఏప్రిల్ 15

బాబాయి నలభయ్యో రోజు జ్ఞాపకానికి కాగితం వేస్తున్నాను. కీర్తన అయిపోయింది, ఫొటో ఇంకా తెరుచుకోలేదు.

తొందరేం లేదు బాబాయ్, అన్నాను.