దగ్గే బండి

సీతమ్మధార,
12-8-1979

తవిటయ్య బావకి,

ఇక్కడ అంతా క్షేమం. ఈ ఉత్తరం నీకు ఏ రేవులో అందుతుందో గానీ, నీ పాత మోటార్‌సైకిల్ సంగతి చెప్పాలి.

నువ్వు ఓడెక్కుతూ నాకప్పగించావు కదా, మన వీధి మిట్ట ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పితే అది ముసలాడిలా దగ్గేది. మిట్ట మీదే ఇంజను ఆపి ప్లగ్గు విప్పితే, మసి. పెట్రోలు ఎక్కువ తాగుతోందన్నమాట. కార్బురేటర్ విప్పి చూశాను. పెట్రోలు దూరే జెట్టు కన్నాన్ని టంకంతో పూడ్చి, అక్క కుట్టుమిషను సూదితో మళ్ళీ పొడిచావు చూడు, అది పెద్దదైపోయింది.

గోపాలపట్నంలో చిన్న కన్నం జెట్టు దొరికింది. బిగించాక దగ్గు ఆగింది, మసి పోయి ప్లగ్గు టీ రంగుకి తిరిగింది. ఆ సాయంత్రం సముద్రం పక్కన వెళ్తుంటే చక్రాలు రోడ్డుని తాకుతున్నట్టే లేదు. రేవు దీపాలతో పాటు నేనూ నీళ్ళ మీద తేలుతున్నట్టుంది.

ఇంటికొస్తే అక్క బయటికే రాలేదు.

"మీ బావ బండైతే మిట్ట కాడ దగ్గుతాదిరా. ఆ దగ్గు ఇన్నాకే నాను టీ ఎడతాను" అంది.

ఇంత కష్టపడి బాగుచేస్తే ఇదా అని ఒళ్ళు మండింది. కానీ ఆవిడ మొహం చూశాక మర్నాడు నీ పాత జెట్టే మళ్ళీ బిగించేశాను.

సాయంత్రం మిట్ట మీద బండి దగ్గగానే అక్క గేటు దగ్గరికి వచ్చేసింది. నన్ను చూసి నవ్వి, "ఇంకోపాలి దిగి ఎక్కిరారా" అంది.

చీకటి పడేదాకా ఎక్కుతూ దిగుతూనే ఉన్నాను బావా.

కొత్త జెట్టు దాచి ఉంచాను. నువ్వొచ్చాక బిగిద్దాం.

నీ బావమరిది