చేతులెత్తించని చర్చ

ఆదివారం, రాత్రి

కువైట్‌లో ఇంటిపనికి వెళ్లిన మా సత్యవతి ఫోను కలవక నాలుగు రోజులైంది. అటువైపు యుద్ధం వస్తుందని టీవీలో ఒకటే గోల. ఎవరైనా ధైర్యం చెబుతారేమోనని సాయంత్రం రాజోలు లైబ్రరీలో విదేశీ వ్యవహారాల చర్చకు వెళ్లాను. దాన్ని నడిపే రిటైర్డ్ లెక్చరర్ మూర్తిగారు బల్ల మీద మ్యాపు పరిచి, యుద్ధ ఓడలు ఎక్కడ ఆగాయో చూపించారు. మన దేశం ఎటువైపు ఉండాలని గంటసేపు హుషారుగా వాదించుకున్నారు. నేను ఉండబట్టలేక లేచాను.

"ఆ యుద్ధ ఓడలకీ కువైట్‌కీ ఎంత దూరమండి?"

మూర్తిగారు మ్యాపు మీద చెయ్యి చాపి కొలిచారు. "జానెడు కూడా లేదండి. ఏం, మీవాళ్లున్నారా?"

"మా ఆవిడండి."

చర్చయ్యాక యుద్ధం వస్తుందనేవాళ్ల చేత, రాదనేవాళ్ల చేత చేతులెత్తించి లెక్కపెట్టడం అక్కడి అలవాటట. మూర్తిగారు మ్యాపు మడిచేసి, "ఇవాళ చేతులెత్తడం వద్దులెండి," అన్నారు.

రాదనేవాళ్లు పదిమంది ఉంటే ఆ లెక్క ఆపేవారా?

ఇంటికొచ్చేసరికి అమ్మాయి గుమ్మంలోనే ఉంది. "ఏమన్నారు నాన్నా?"

"ఏం కాదన్నారమ్మా."

నమ్మేసింది. అన్నం కూడా తింది.