రంగుల కింద సైడ్ డ్రమ్

శనివారం, తెనాలి. ముసురు.

డ్రమ్ములు బాగుచేసే నా కొట్టుకి రేపల్లె నుంచి మరియమ్మగారు వచ్చి, వాళ్ల నాన్న చర్చిలో వాయించిన పాత సైడ్ డ్రమ్ ఇచ్చారు. దొరల నాటి అసలుదైతే బాపట్ల చర్చిలో అద్దాల పెట్టెలో పెడతారట. తేల్చాలంటే దాని ఇత్తడి మీద కంపెనీ ముద్ర చూడాలి. కానీ వాళ్ల నాన్న ఏటా క్రిస్మస్‌కి దానికి రంగు వేసేవాడు.

"గీకితే నాన్న వేసిన రంగు పోతుందా అన్నయ్యా?"

"పోతుందమ్మా."

"సరే, గీకండి," అని బస్సెక్కారు.

బ్లేడుతో గీకుతూ పోతే నీలం కింద ఎరుపు, ఎరుపు కింద వెండిరంగు. అందులో ఒక బొటనవేలి గుర్తు. రంగు ఆరేదాకా ఆయన ఆగలేకపోయాడు కాబోలు. నా వేలు పెడితే సరిగ్గా ఇమిడింది. బ్లేడు పక్కన పెట్టేశాను.

రైలు పోతుంటే డ్రమ్ కింది తీగలు వాటంతటవే సన్నగా మోగుతున్నాయి. ముద్ర చూడకుండా ఏ డ్రమ్ గురించీ మాట చెప్పనివాణ్ణి. రేపు ఆవిడ ఫోన్ చేస్తే అసలుదేనని అనేస్తానేమో...