డంబెల్ మీద మారే అంకె

జూన్ 10, మంగళవారం

గౌరవనీయులైన వదినగారికి,

మీ మరదలు నమస్కరించి రాస్తున్నది. మీరూ అన్నయ్యగారూ క్షేమమని తలుస్తాను. ఆ వెంటనే మేమూ ఇక్కడ క్షేమం అని రాసేయాలి, అది పద్ధతి. కానీ ఆ మాట దగ్గరికి వచ్చేసరికి కలం మొరాయిస్తోంది. ఫోనులో చెబుదామంటే మీకు ఒక చెవి సరిగా వినబడదు. నేను గొంతు పెంచితే ఈ రెండు గదుల ఇంట్లో మీ తమ్ముడికి రెండు చెవులా వినబడుతుంది. అందుకే ఉత్తరం.

పోయిన వారం పొద్దున్నే మీ తమ్ముడు పడిపోయారు. కంగారుపడకండి, ఎముకలేవీ విరగలేదు. జ్వరంతో అన్నాళ్ళు ఆస్పత్రిలో పడుకున్నాక కాళ్ళలో కండ కరిగిపోయిందని డాక్టరు అన్నాడు కదా, అదే కారణం. మంచానికీ బీరువాకీ మధ్య సందులో పడ్డారు. చంకల కింద చేతులు పెట్టి లేపబోయాను. లే, లే, ఇంకొంచెం, ఇంకొంచెం అని చంటిపిల్లాణ్ణి బతిమాలినట్టు బతిమాలాను. అంగుళం కదిలితే ఒట్టు. నా నడుము కలుక్కుమంది. చివరికి నేనూ ఆయన పక్కనే నేల మీద చతికిలబడ్డాను.

ఇక చేసేది లేక పైవాటా బ్యాంకు గుమాస్తాను పిలిచాను. పాపం మంచివాడే. కానీ సిమెంటు బస్తాను లేపినట్టు లేపి మంచం మీద వేసి, పెద్దాయన బాగానే బరువున్నారే అని నవ్వి వెళ్ళాడు. బతుకంతా లిఫ్టులు బాగుచేసి ఊళ్ళో వాళ్ళందరినీ పైకి లేపిన మనిషికి ఆ మాట ఎలా తగిలి ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఆ రోజంతా గోడవైపు తిరిగి పడుకున్నారు. సాయంత్రం ఒకే ఒక్క మాట అన్నారు. ఇంకోసారి పడితే ఎవర్నీ పిలవొద్దు, నన్నక్కడే వదిలెయ్ అని. పిలవనని మాట ఇచ్చాను. ఇచ్చాక గానీ ఆలోచన రాలేదు. ఎవర్నీ పిలవకపోతే లేపేదెవరు? నేనే కదా! అప్పటినుంచీ ఆయన గడప దాటి, లిఫ్టు లేని ఈ మూడో అంతస్తు మెట్ల వైపు చూడలేదు.

ఆస్పత్రి నుంచి ఫిజియోథెరపీ అమ్మాయి ఒకసారి వచ్చి వెళ్ళింది. పడిన మనిషిని ఎవరూ ఎత్తకూడదట, తనంతట తనే లేవాలట. పక్కకు దొర్లాలి, మోకాళ్ళ మీదికి రావాలి, గట్టి కుర్చీ పట్టుకుని ఒక కాలు ముందు పెట్టి లేవాలి అని తనే నేల మీద పడుకుని చేసి చూపించింది. మీ తమ్ముడు విన్నారా అంటే, సీలింగ్ ఫ్యాన్ బేరింగు అరిగిందేమోనని చూస్తూ కూర్చున్నారు.

కాబట్టి బలం నేనే తెచ్చుకోవాలి. అరవై దాటాక నీకిదేం పిచ్చి అనకండి. మోకాలి ఆపరేషన్ తర్వాత మీరు డంబెల్స్ ఎత్తారు కదా, మీకు తెలియనిదా. క్రీడా సామాన్ల దుకాణానికి వెళ్ళాను. దుకాణదారు జబ్బలు నా కుట్టుమిషను బల్ల కాళ్ళంత ఉన్నాయి. నేను అతనికి కండలయ్య అని పేరు పెట్టుకున్నాను. ఒక్కో బరువుకీ ఒక్కో జత కొంటే ఇంట్లో కాలు పెట్టే చోటుండదు, బరువు మార్చుకునేవి తీసుకోండి అన్నాడు. అందులో రెండు రకాలట. ఒకటేమో కడ్డీకి బిళ్ళలు ఎక్కించి రెండు చివర్లా మర బిగించేది. రెండోది ట్రేలో కూర్చుంటుంది. కుట్టు పొడవు మార్చడానికి మిషను మీద ఉన్నట్టే దానికో డయల్ ఉంది. అంకె తిప్పి ఎత్తితే ఆ బరువుకు సరిపడా బిళ్ళలే పైకి వస్తాయి, మిగతావి ట్రేలో ఉండిపోతాయి. డయల్ సరిగా పట్టుకోకపోతే బిళ్ళ ఊడి కాలి మీద పడదా అని అడిగాను. టక్కుమని శబ్దం వచ్చేదాకా తిప్పితే పడదన్నాడు. ఆ టక్కు వినబడకపోతే అని అడిగేలోపు ఇంకెవరో వచ్చారు. ఏది కొనమంటారు? మీరు చెప్పేదాకా కొనను.

మీ తమ్ముడితో మాత్రం నా ఎముకలు గుల్లబారాయని, డాక్టరమ్మ బరువులెత్తమందని చెప్పాను. తనను లేపడానికే నేను సాము చేస్తున్నానని తెలిస్తే ఆ మనిషి తలెత్తుకోలేడు.

ఎప్పటిలాగే అడుగున జానెడు జాగా ఆయనకు వదులుతున్నాను. నేను రాసినదంతా మడిచి గుండుసూదులు గుచ్చి ఇస్తాను. ఆడవాళ్ళ సంగతులంటే విప్పరు, ఆ విషయంలో పెద్దమనిషే.

మీ మరదలు

తా.క. అక్కయ్యా, కులాసా. నీ మోకాలు జాగ్రత్త. — బుజ్జి


జులై 2, బుధవారం

వదినగారికి నమస్కారాలు.

మీ జవాబు చేరింది. బట్టలు కుట్టే వేళ్ళతో రోజూ మరలు బిగించలేవు, డయల్‌దే తీసుకో, పై అంకె చూసి మురిసిపోకుండా అన్నిటికంటే కింది అంకె ఎంతో చూసుకో అని రాశారు. మీ మాట ప్రకారమే చేశాను. కండలయ్య ముందు చూపించినది ఐదు కిలోలతో మొదలై రెండున్నరేసి చొప్పున పెరుగుతుంది. నాకు అంత పెద్ద అంగలొద్దు, కిలో చొప్పున పెరిగేది కావాలని పట్టుబట్టాను. పిడి లావుగా ఉంటే వేళ్ళు అందవని రెండు మూడు పట్టుకు చూశాను. రెండు కిలోలతో మొదలయ్యే జత దొరికింది. ట్రేలు రెండూ కుట్టుమిషను గదిలో, కిటికీ కింద, కాలికి తగలని చోట పెట్టాను. కింద వాటా వాళ్ళకు చప్పుడు వినబడకుండా పాత దుప్పటి మడిచి పరిచాను.

రోజూ పొద్దున తలుపు దగ్గరికి వేసుకుని చేస్తున్నాను. మూడు కిలోల దగ్గర ఉన్నాను. ఊపిరి బిగబట్టకూడదన్నారు కదా, అందుకని పైకెత్తేటప్పుడు గట్టిగా ఒకటి, రెండు అని లెక్కపెడుతున్నాను. మూడు కిలోలెత్తి ముసలాయన్ని లేపుతావా అని మీరు నవ్వుతారు. నవ్వండి. అందుకే చివర్లో పరుపు చుట్టతో కూడా కాస్త అభ్యాసం చేస్తున్నాను, అది మీకు మాత్రమే చెబుతున్నాను.

అసలు సంగతి వేరే ఉంది. డయల్ జారుతోంది వదినా! నేను మూడు మీద పెట్టి వదిలితే మర్నాటికి రెండు మీద ఉంటోంది. మొదటిసారి నా మతిమరుపనుకున్నాను. తర్వాత సుద్దముక్కతో గీత పెట్టుకున్నాను. అయినా జారింది. దానంతటదే తిరిగే డయల్ ఎత్తినప్పుడు తిరగదని ఏముంది? బిళ్ళ ఊడి పడితే? నేను బయటికెళ్ళినప్పుడు ఆయన ఆ కిటికీ దగ్గరే కూర్చుని పేపరు చదువుతారు.

పోనీ ఒకసారి చూడండి, మీకు యంత్రాలు తెలుసు కదా అని ఆయన్నే అడిగాను. తిప్పి చూసి, యంత్రమన్నాక కాస్త అటూ ఇటూ అవుతుందిలే అన్నారు. లిఫ్టు తలుపు చిన్నగా కిర్రుమంటే అన్నం మాని పరిగెత్తిన మనిషి ఈయనేనా? మనసు చచ్చిపోయిందేమో వదినా. మనిషి ఉన్నాడు గానీ ఆసక్తి పోయింది. ఆ పడ్డం పడ్డం ఆయనలో ఏదో పడిపోయింది.

మీ మరదలు

తా.క. అక్కయ్యా, అంతా మామూలే. ఇంట్లో కొత్తగా ఒక వస్తాదు తయారవుతోంది, నన్ను దేవుడే కాపాడాలి. — బుజ్జి


ఆగస్టు 22, శుక్రవారం

వదినగారికి,

నమస్కారాలూ క్షేమసమాచారాలూ చివర్లో రాస్తాను, ఏమీ అనుకోకండి.

నిన్న మధ్యాహ్నం రెడీమేడ్ దుకాణంలో కుట్టిన బట్టలు ఇచ్చి రావడానికి వెళ్ళాను. కొట్టు మూసి ఉండడంతో వెంటనే తిరిగొచ్చాను. తలుపు తీసేసరికి మీ తమ్ముడు నేల మీద ఉన్నారు. మోకాళ్ళ మీద, ఎదురుగా కుర్చీ. పడ్డారా అని కేకపెట్టాను. లేదు, స్క్రూ ఒకటి దొర్లిపోతే వెతుకుతున్నానన్నారు. ఏ స్క్రూ, ఎక్కడి స్క్రూ అంటే ముందు మంచినీళ్ళు తెమ్మన్నారు. తెచ్చేసరికి కుర్చీలో ఉన్నారు. మొహమంతా చెమట. ఎలా లేచారో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఏ బీరువా పిడి పట్టుకుని, ఎంత ఈడ్చుకుని లేచారో!

అప్పుడు అన్నీ ఒక్కొక్కటే కలిశాయి. ఆయన పైజమాలు మోకాళ్ళ దగ్గర అరిగిపోయాయి, నేను ఈమధ్యే కుట్టినవి. మోచేతుల దగ్గర చర్మం కందిపోయి ఉంది. నేను ఇంట్లో లేనప్పుడల్లా పడుతున్నారు వదినా. పడి, ఎలాగో లేచి, నా దగ్గర దాస్తున్నారు. ఎవర్నీ పిలవొద్దని నా దగ్గర మాట తీసుకున్న మనిషి నన్ను కూడా పిలవడం మానేశారు.

ఇంకోటి. చొక్కా చేతులు బిగుతయ్యాయన్నారు. టేపు పెట్టి చూశాను. పోయినసారి కొలతకంటే జబ్బ లావైంది. జ్వరం పడి చిక్కిన మనిషికి జబ్బలు పెరగడమేమిటి? వాపు అయి ఉంటుంది. గుండె సరిగా పనిచేయకపోతే ఒంటికి నీరు పడుతుందంటారు. డాక్టరు దగ్గరికి పదండంటే నవ్వి ఊరుకున్నారు. ఆ నవ్వు చూస్తే నాకు ఇంకా భయమేసింది.

ఆ మాయదారి డయల్ సంగతి కూడా వినండి. ఇన్నాళ్ళూ కిందికి జారేది, ఇప్పుడు పైకి జారుతోంది! నేను నాలుగు మీద ఉంచితే ఇవాళ ఐదు మీద ఉంది. చూసుకోకుండా ఎత్తాను, మణికట్టు మెలిపడింది. పైకి జారే యంత్రాన్ని ఎక్కడైనా చూశారా? రేపు ఆ జత తీసుకెళ్ళి కండలయ్య మొహాన కొట్టి వస్తాను. ఆ మాట ఆయనతోనూ చెప్పాను. పేపరు తిరగేస్తూ కూర్చున్నారు.

ఈ వయసులో నేను బలం తెచ్చుకునేదాకా ఆయన కాళ్ళు ఆగవని అర్థమైంది. ఇంట్లో ఒక మగమనిషిని పెడతాను. పైవాటా గుమాస్తాకే చెప్పాను, ఒకటో తారీఖుకు ఎవర్నైనా బలంగా ఉన్నవాణ్ణి చూసిపెట్టమని. మాట తప్పుతున్నాను. తెలిసిన రోజున ఆయన నాతో మాట్లాడరు. మాట్లాడకపోయినా ఫరవాలేదు, బతికుంటే చాలు. నేను చేసేది తప్పయితే మీరే చెప్పండి, ఆయన్ని ఎత్తుకు పెంచిన అక్కయ్య మీరు.

బట్టలు ఇవాళైనా ఇచ్చి రావాలి. ఆయన చేతికందేలా మంచినీళ్ళు పెట్టి వెళ్తున్నాను. వచ్చాక నేనే దీన్ని పోస్టు డబ్బాలో వేస్తాను. మీరూ అన్నయ్యగారూ కులాసా అని తలుస్తాను.

మీ మరదలు

తా.క. అక్కయ్యా, ఈసారి రెండు ముక్కలతో సరిపోదు. పైన ఏం రాసిందో నాకు తెలియదు, సూదులు గుచ్చినవి గుచ్చినట్టే ఉన్నాయి. తను బట్టలివ్వడానికి వెళ్ళింది. మెట్లు దిగిన చప్పుడు విని రాస్తున్నాను.

ఆ డయల్ జారడం లేదు. నేనే తిప్పుతున్నాను. తను లేనప్పుడు ఎత్తి, మళ్ళీ తన అంకె మీదికి తిప్పి పెడతాను. కళ్ళద్దాలు పెట్టుకుంటే సరిగ్గా పెడతాను, లేకపోతే లేదు. మొదట రెండు కిలోలకే చేతులు వణికేవి. ఇప్పుడు ఐదు ఎత్తుతున్నాను. పాపం ఆ యంత్రం మీద నింద పడింది. ఏం చెప్పాలో తోచక యంత్రమన్నాక అలాగే ఉంటుంది అని నసిగాను. నా ఉద్యోగంలో ఏనాడూ అంత సిగ్గుమాలిన మాట అనలేదు. రేపు దాన్ని దుకాణంలో తిరిగిచ్చేస్తానంటోంది, కాబట్టి ఇక దాచి లాభం లేదు.

రోజూ కుర్చీ ఒకటి దగ్గర పెట్టుకుని నేల మీద పడుకుంటాను. పడిపోవడం కాదు, పడుకోవడం. పక్కకు దొర్లి, మోకాళ్ళ మీదికి వచ్చి, కుర్చీ పట్టుకుని లేస్తాను. ఫిజియోథెరపీ అమ్మాయి చూపించినట్టే. మొదట్లో లేవలేక తను వచ్చే వేళవుతోందని ఏడుపొచ్చేది. ఇప్పుడు చెమట పడుతుందంతే. నిన్న మాత్రం దొరికిపోయాను. స్క్రూ అని ఏదో బొంకాను.

నీ మరదలి ఎముకలకేం రోగం లేదని నాకు ముందే తెలుసు. ఒకరోజు తలుపు సందులోంచి చూశాను. పరుపు చుట్టను నేల మీద పడేసి, దాని వెనకాల కూర్చుని, చంకలు ఎక్కడుంటాయో చూసుకుని పట్టుకుని, లే, లే, ఇంకొంచెం, ఇంకొంచెం అంటోంది. ఆ రోజు నాతో అన్న మాటలే. లిఫ్టులో జనం బరువంతా మోటారు ఒక్కటే లాగదక్కయ్యా, అవతలి వైపు ఎదురుబరువు ఉంటుంది. అది లేకపోతే మోటారు కాలిపోతుంది. నాకోసం నీ మరదలు అలా కాలిపోతుంటే చూస్తూ పడుకోనా? ఆ మధ్యాహ్నమే మొదటిసారి డయల్ తిప్పాను.

ఇప్పుడు ఈ కవరు అంటించి నేనే కిందికి వెళ్ళి డబ్బాలో వేస్తాను. తను వచ్చి ఉత్తరమేదని అడుగుతుంది. వేసేశానంటాను. ఎవరు తీసుకెళ్ళారని అడుగుతుంది కదా, అప్పుడు చూడాలి దాని మొహం.

ఇది నీ చేతికి అందిందంటే నేను మూడంతస్తులూ దిగానన్నమాట. ఎక్కేటప్పుడు ఏమవుతుందో తెలియదు, భయంగానే ఉంది. మధ్యలో కూలబడినా ఎవర్నీ పిలవను. నేల మీంచి లేవడం వచ్చుగా. — బుజ్జి