దూరం అంచనా వేయలేదని కొట్టేసిన పేరు

క్రీడాభివృద్ధి అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: తొమ్మిదో ఏట నుంచి బొత్తిగా చూపు లేని నా చెల్లెలిని "దూరం అంచనా వేయుటలో విఫలమైనది" అన్న కారణంతో ఈత ఎంపిక పోటీల జాబితా నుంచి తొలగించుట గురించి.

పై విషయమై తమకు విన్నవించుకొనునది:

1. నా చెల్లెలు పదకొండేళ్లుగా చూపు లేనివారి ఈత పోటీలలో పాల్గొనుచున్నది. వంద మీటర్ల ఈతలో వరుసగా ఆరేళ్లు మొదటి స్థానం ఆమెదే. ఇది తమకు తెలియని సంగతి కాదు. తమ కుర్చీ వెనక గోడకున్న ఫోటోలో తమరు పట్టుకున్న కప్పు ఆమె గెలిచినదే. ఫోటోలో ఆమె లేదు. కొంచెం పక్కకు జరగమంటే మరీ ఎక్కువ జరిగిందని ఫోటో తీసినాయన చెప్పాడు.

2. చూపు లేనివారి ఈత ఎలా ఉంటుందో తమ కార్యాలయానికి ఇదివరకు నాలుగుసార్లు రాసి ఉన్నాను. జవాబు రానందున మళ్లీ రాయుచున్నాను. ఈదే మనిషికి గోడ ఎప్పుడు వస్తుందో తెలియదు. అందుకని గోడ దగ్గర గట్టు మీద ఒకరు పొడుగాటి కర్ర పట్టుకుని నిలబడతారు. కర్ర చివర మెత్తటి బంతి ఉంటుంది. మనిషి దగ్గరికి రాగానే ఆ బంతితో తల మీద తట్టాలి. అప్పుడు ఆమె మునిగి, తిరిగి, గోడను కాళ్లతో తన్ని వెనక్కి వెళ్తుంది. ముందుగా తడితే గోడ అందదు. ఆలస్యమైతే ఆ తట్టేదేదో గోడే తడుతుంది. ఈ పని చేసేవారిని ట్యాపర్ అంటారు. పదకొండేళ్లుగా ఆమెకు ట్యాపర్‌ని నేనే. పొద్దున ఆరింటి నుంచి ఏడున్నర దాకా కర్ర పట్టుకుంటాను, ఆ తర్వాత తాపీ పట్టుకుంటాను. నేను టైల్స్ మేస్త్రీని. మూడేళ్ల క్రితం మన ఈతకొలనును ఎండగట్టి బాగుచేసినప్పుడు అడుగున టైల్స్ వేసినది కూడా నేనే.

3. నిరుడు నల్లరంగు ఈత కళ్లద్దాలు ఇప్పించమని కోరగా, "చూపు లేనివారికి కళ్లద్దాలు అవసరం లేదు" అని రాసి పంపారు. కాస్త వెలుగు తెలిసేవారు, అసలు తెలియనివారు నీళ్లలో సమానంగా ఉండాలని అందరూ నల్ల అద్దాలు పెట్టుకోవాలన్నది పోటీ నియమం. అవి లేకపోతే దిగనివ్వరు. పాత అద్దాలకు నేనే గోళ్లరంగు పూసి పంపాను. ఈ అంశం ఇక్కడ ఎందుకని తమరు అనుకోవచ్చు. ఆమె ఫైలు చూసేవారికి ఆమె చేసే పనేమిటో తెలియదని చెప్పడానికి.

4. గత నెల జరిగిన పెద్ద పోటీలకు ట్యాపర్ పాసు ఒకటి వచ్చింది. నా పేరున రావలసినది తమ సూపరింటెండెంటు గారి బావమరిది పేరున వచ్చింది. అడిగితే సూపరింటెండెంటు గారు తల ఎత్తకుండానే, "కర్ర పట్టుకోడానికి నువ్వే కావాలా మేస్త్రీ? మావాడు చదువుకున్నవాడు" అన్నారు. అయినా నేను వెళ్లాను. ఎలాగోలా లోపలికొస్తానని, నువ్వు ధైర్యంగా దిగమని చెల్లెలితో చెప్పాను. గేటు దగ్గర నన్ను ఆపి, జనం కూర్చునే వైపు ఇనుప కంచె వెనక్కి పంపారు. బావమరిది గారికి ఈత రాదు. చెప్పులు తడుస్తాయని గట్టు అంచుకు రెండడుగుల వెనక నిలబడ్డారు. ఎప్పుడు తట్టాలో ఎవరినీ అడగలేదు.

5. అది యాభై మీటర్ల కొలను. వంద మీటర్లకు ఒక్క మలుపు. మలుపు వైపు మన మనిషి, రెండో వైపు పోటీ పెట్టినవారి మనిషి. మలుపు దగ్గరికి నా చెల్లెలు అందరికంటే ముందు వచ్చింది. ఆయన కర్ర ఎత్తే ఉంచారు. నేను కంచె పట్టుకుని తట్టమని అరిచాను. తట్టారు. ఆ వెంటనే ఆమె చెయ్యి గోడను కొట్టేసింది. ఆ చప్పుడు నాకు కంచె దాకా వినిపించింది. కుడిచేతి వేళ్లు రెండు విరిగాయి. విరిగిన వేళ్లతోనే తిరిగి, మిగతా యాభై మీటర్లు ఈది, మూడో స్థానంలో వచ్చింది. నన్ను కలిశాక వేళ్ల గురించి ఏమీ అనలేదు.

"గట్టు మీద నువ్వు లేవా అన్నయ్యా?" అని మాత్రం అడిగింది.

6. దీనిపై తమ నివేదిక: "పోటీదారు అజాగ్రత్త వలన గోడను ఢీకొన్నది. దూరం అంచనా వేయుటలో విఫలమైనది. కావున ఎంపిక పోటీలకు సిఫారసు చేయజాలము." కింద ఆకుపచ్చ సిరాతో తమ సంతకం. అయ్యా, కళ్లు కనపడని మనిషి దూరం చూసుకోలేదని తమరు సంతకం పెట్టారు. ఆ వాక్యం రాసినవారు కళ్లకు గుడ్డ కట్టుకుని తమ బల్ల దగ్గర నుంచి గుమ్మం దాకా ఒకసారి పరుగెత్తి చూడాలి. నడవడం కాదు, పరుగెత్తాలి. ఎదురుగా తలుపు తీసి ఉందో వేసి ఉందో ఎవరూ చెప్పకూడదు. ఆ తర్వాత ఎవరిది అజాగ్రత్తో రాయాలి.

7. ఈ విషయమై మూడుసార్లు తమ కార్యాలయానికి వచ్చాను. రెండుసార్లు తమరు మీటింగులో ఉన్నారన్నారు. మూడోసారి చెల్లెలిని కూడా తీసుకువచ్చాను. ఆమె పక్కనే ఉండగా సూపరింటెండెంటు గారు నన్ను, "ఈవిడకి కోపమొచ్చిందా?" అని అడిగారు. ఆమెకు లేనిది చూపు, చెవులు కాదు. "వచ్చిందండీ. మీ బావమరిది గారి చెప్పులు తడవలేదు కదా?" అంది. గదిలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆ నవ్వుకు మా ఫైలు ఇంకో నాలుగు ఫైళ్ల కిందికి పోయింది.

8. ఎంపిక పోటీలు వచ్చే నెల పద్దెనిమిదిన. పేర్లు పంపడానికి గడువు ఈ శుక్రవారం. తర్వాతి అవకాశం నాలుగేళ్లకు గాని రాదు. ఆమెకు ఇప్పుడు ముప్పై ఒకటి. కట్టు విప్పారు, వేళ్లు ముడవగలుగుతోంది, పది రోజులుగా నీళ్లలోకి దిగుతోంది. కావున ఆమె అజాగ్రత్త అన్న వాక్యాన్ని తొలగించి, శుక్రవారం లోపు ఆమె పేరు జాబితాలో చేర్చవలసినదిగాను, ట్యాపర్ పాసు నా పేరున ఇప్పించవలసినదిగాను, తన నిర్లక్ష్యంతో ఆమె వేళ్లు విరగడానికి కారకులైన సదరు బావమరిది గారిపై చర్య తీసుకోవలసినదిగాను కోరుచున్నాను. ఈసారైనా ఫైలు కట్టు విప్పి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఈతగత్తె అన్న, టైల్స్ మేస్త్రీ
(పేరు, చిరునామా ఇదివరకటి నాలుగు అర్జీల మీద ఉన్నవి. పారవేయకపోయి ఉంటే చూసుకోగలరు.)

తా.క.: పై అర్జీని చెల్లెలికి చదివి వినిపించాను. నాలుగో అంశం మళ్లీ చదవమంది. చదివాను.

"ఆయన ఎవరినీ అడగలేదా?" అంది. నేను కాగితం మడతపెట్టాను.

"మరి ఆ రోజు నుంచి కొలను దగ్గర ఏం కొలుస్తున్నావన్నయ్యా? రోజూ టేపు చప్పుడు వినపడుతూనే ఉంది."

అయ్యా, నేను అబద్ధం రాశాను. ఆయన అడిగారు. పోటీకి పది నిమిషాల ముందు కంచె దగ్గరికి వచ్చి, ఎప్పుడు తట్టాలి మేస్త్రీ అని అడిగారు. తల ఏడో టైలు మీదికి రాగానే అన్నాను. గోడ నుంచి లెక్క, నీళ్ల అడుగున. మన కొలనులో నేను వేసినవి ఒక్కోటీ అడుగు పొడవున్న టైల్స్. అక్కడివి అర అడుగువని పోటీ అయ్యాక చూశాను. ఆయన ఏడూ లెక్కపెట్టుకుని, సరిగ్గా ఏడో దాని మీదే తట్టారు. ఇరవై రెండేళ్లుగా టైల్స్ వేస్తున్న నేను సైజు చూడకుండా చెప్పాను. కంచె దగ్గర్నుంచి నీళ్ల అడుగు కనపడదు. కనపడటం లేదని కూడా ఆయనతో అనలేదు.

ఈ మాట రాయకపోతే అర్జీ పంపొద్దని చెల్లెలు అంది. "వాళ్లు నా మీద రాసినట్టే నువ్వు ఆయన మీద రాశావ్" అంది. అందుచేత బావమరిది గారిపై చర్య కోరిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. చెప్పుల సంగతి మాత్రం నిజం.

తమ మీద నాకున్న కోపం ఏమీ తగ్గలేదు. నన్ను గట్టు మీదికి రానిచ్చి ఉంటే టైల్స్‌తో పని ఉండేది కాదు, ఆమె చెయ్యి లేచే తీరు చూసి తట్టేవాణ్ణి. బంధుప్రీతి కొద్దీ పాసు లాక్కున్నది మీరు, తొందరలో తప్పు లెక్క చెప్పింది నేను, వేళ్లు విరిగింది ఆమెకు, పేరు కొట్టేసింది ఆమెదే. శిక్ష ఉంటే నాకు వేయండి. ట్యాపర్‌గా నేను పనికిరానని రాయదలిస్తే రాయండి. ఆమె పేరు మాత్రం శుక్రవారం లోపు పంపండి.

నేనే కర్ర పట్టుకోవాలని ఆమె అంటోంది. ఈసారీ కర్ర ఇంకొకరి చేతికే పోతే అక్కరకొస్తుందని ఇంకొక మాట కూడా రాయమంది, రాస్తున్నాను. ఎంపిక పోటీలు జరిగే కొలనులో, అడుగున వేసిన టైలు సైజు ఎంతో కనుక్కుని తెలియజేయగలరు.